ఎర్ర బస్సు కథ



ఇవాళ బస్సు గురించి చెప్పుకుందాం. గన్నవరం బస్టాండులో రోజూ చూసే బస్సే. దాని గురించి కొత్తగా చెప్పేదేముంది, ఎక్కుతున్నాం, దిగుతున్నాం అనుకోవచ్చు. సరే. ఆ బస్సు ఎవరిది? ఎప్పుడు వచ్చింది? ఇప్పుడు ఆడవాళ్ల దగ్గర డబ్బులు తీసుకోవటం లేదు కదా, మరి డీజిలు ఎవరు పోయిస్తున్నారు? రేపు ఊళ్లోకి బస్సు రావటం ఆగిపోతే ఎవర్ని అడగాలి? ఇవి తెలిసినవాళ్లు ఊరికి ఎంతమంది ఉంటారు?

ముందు పాత సంగతి.

బస్సులు రాకముందు కృష్ణా డెల్టాలో జనం పడవల్లో తిరిగేవాళ్లు. బెజవాడ దగ్గర కృష్ణ మీద పాత ఆనకట్ట 1855లో పూర్తయింది. దాని నుంచి కాలవలు తవ్వారు. ఆ కాలవలు పొలాలకు నీళ్లిచ్చాయి, మనుషులకు దారి కూడా ఇచ్చాయి. బందరు కాలవలో, ఏలూరు కాలవలో పడవలు నడిచేవి. గాలి వాటంగా ఉంటే తెరచాప ఎత్తేవాళ్లు. గాలి లేకపోతే గట్టు మీద మనుషులు నడుస్తూ తాడుతో లాగేవాళ్లు. ధాన్యం బస్తాల పక్కనే పెళ్లివారు కూర్చుని వెళ్లేవాళ్లు. ఇవాళ గంటన్నరలో చేరే ఏలూరుకు అప్పట్లో రాత్రంతా పడవలోనే గడిచేది.

తర్వాత బస్సులు వచ్చాయి. అప్పుడు ఈ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో ఉంది. ఆ బస్సులు సర్కారువి కావు. డబ్బున్న ఆసాములు ఒకటో రెండో బస్సులు కొని, పర్మిటు తెచ్చుకుని నడిపేవాళ్లు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరకలేదు. అప్పుడు బొగ్గు బస్సులు వచ్చాయి. బస్సు వెనకాల పెద్ద డ్రమ్ము ఉండేది. అందులో బొగ్గు రాజేసి, చక్రం తిప్పి గాలి కొట్టేవాళ్లు. ఆ బొగ్గులోంచి వచ్చే గ్యాసుతో ఇంజను నడిచేది. గట్టు ఎక్కలేకపోతే జనం దిగి నెట్టేవాళ్లు. ఊళ్లల్లో పెద్ద ముసలమ్మలు ఉంటే అడగండి, వాళ్ల అమ్మానాన్నల నోట విన్న కథలు చెబుతారు.

ప్రైవేటు బస్సుతో ఒక సుఖం ఉండేది. చెయ్యెత్తితే ఆగేది. ఓనరు తెలిసినవాడే. కానీ జనం నిండితేగాని కదిలేది కాదు. నాలుగు రూపాయలు రాని పల్లెకు అసలు వచ్చేదే కాదు. గంపలో కూరగాయలు పెట్టుకుని వచ్చే ఆడమనిషి ఎండలో ఎంతసేపు నిలబడింది అనే లెక్క ఎవరూ రాయలేదు.

అదే సమయంలో హైదరాబాదు వైపు వేరే పద్ధతి ఉంది. అక్కడ నిజాం రాజ్యం. నిజాం ప్రభుత్వం రైళ్లతో పాటు బస్సులు కూడా నడపాలనుకుంది. 1932 జూన్‌లో మొదలుపెట్టింది. అప్పుడు ఉన్నవి 27 బస్సులు. పనిచేసేవాళ్లు 166 మంది. ఆ బస్సులు ఆల్బియాన్ కంపెనీవి. సముద్రాలు దాటి స్కాట్లండు దేశం నుంచి వచ్చాయి. దేశంలో ప్రభుత్వమే బస్సులు నడపటంలో ఇది మొదటి వరసలోది. 1951లో రైల్వే నుంచి విడదీసి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం ఆ బస్సుల్ని తీసుకుంది.

ఒక చిన్న ముచ్చట. పాత ఆర్టీసీ బస్సుల నంబరు పలక మీద జెడ్ అనే ఇంగ్లీషు అక్షరం ఉండేది. మన కృష్ణా జిల్లా బస్సు అయితే ఏపీ 16 జెడ్ అని రాసి ఉండేది. నిజాం తల్లి పేరు జహ్రా బేగం. ఆమె పేరులో మొదటి అక్షరం అదని చెప్పుకుంటారు. వేల బస్సుల మీద ఒక అమ్మ పేరు తిరిగిందన్నమాట.

1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. 1956లో తెలంగాణతో కలిసి ఆంధ్రప్రదేశ్ అయ్యింది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ పుట్టింది. దాన్నే ఇంగ్లీషు పొడి అక్షరాల్లో ఏపీఎస్ఆర్టీసీ అంటారు. జనం నోట్లో అది ఆర్టీసీ అయ్యింది.

సంస్థ పుట్టగానే పెద్ద తగువు వచ్చింది. ఆ తగువు మన కృష్ణా జిల్లాదే. కొంచెం నెమ్మదిగా వినండి, ఇది బాగా తెలుసుకోవాల్సిన సంగతి.

కృష్ణా జిల్లాలో బస్సు రూట్లు ప్రైవేటువాళ్ల చేతిలో ఉన్నాయి. ఆ రూట్లు తామే తీసుకుంటామని సర్కారు ఒక పథకం ప్రకటించింది. చట్టం ప్రకారం, అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పుకోవచ్చు. బస్సుల ఓనర్లు అభ్యంతరాలు పెట్టారు. వాటిని రవాణా చూసే శాఖ కార్యదర్శి విన్నారు. విన్నది ఆయన. కానీ పథకం సరే అని ఆమోదించింది ముఖ్యమంత్రి. అప్పుడు ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి గారు.

గుల్లపల్లి నాగేశ్వరరావు అనే ఓనరు, మరికొందరు కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. సుప్రీంకోర్టు అంటే ఢిల్లీలో ఉండే అన్నిటికన్నా పెద్ద కోర్టు. అయిదుగురు జడ్జీలు విన్నారు. 1958 నవంబరులో తీర్పు వచ్చింది. ముగ్గురి మాట నెగ్గింది. తీర్పు రాసింది కోకా సుబ్బారావు గారు. ఆయన రాజమండ్రిలో పుట్టిన తెలుగువాడు. తర్వాత, 1966లో, దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు.

తీర్పులో ఉన్నది ఇది. గోడు విన్నవాడు ఒకడు, తీర్పు చెప్పినవాడు ఇంకొకడు అయితే ఆ వినటం ఉత్త తంతు. ఎదుటి మనిషి మాట విని, మొహం చూసి, ప్రశ్న అడిగినవాడే నిర్ణయం చెయ్యాలి. రెండో మాట కూడా ఉంది. రూట్లు తీసుకుంటామన్నది రవాణా శాఖ. ఆ శాఖ పెద్దే అభ్యంతరాలు వింటే, తగువులో ఒక పక్షంవాడే పెద్దమనిషిగా కూర్చున్నట్టు. అది కుదరదన్నారు. ఆ పథకాన్ని కొట్టేశారు.

సర్కారు ఊరుకోలేదు. ఈసారి ముఖ్యమంత్రి స్వయంగా కూర్చుని అభ్యంతరాలు విన్నారు. ఓనర్లు మళ్లీ కోర్టుకు వెళ్లారు. 1959లో కోర్టు ఈ పద్ధతిని ఒప్పుకుంది. అలా జిల్లా రూట్లు ఆర్టీసీకి వచ్చాయి. లా కాలేజీల్లో పిల్లలకు ఆ కేసు ఇప్పటికీ చెబుతారు. పింఛను కాగితం గురించో, ఇంటి స్థలం గురించో ఆఫీసుకు వెళ్లినప్పుడు మన మాట విన్న మనిషి ఒకరు, కాగితం మీద రాసేది ఇంకొకరు అయితే ఎలా ఉంటుందో ఆడవాళ్లకు వేరే చెప్పాలా?

కర్నూలు జిల్లా రూట్ల మీద కూడా ఇలాంటి కేసే నడిచింది. అందులో కోర్టు ముఖ్యమంత్రి తీరును తప్పు పట్టింది. 1964లో సంజీవరెడ్డి గారు ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. బస్సు రూట్ల తగువు మీద ఒక ముఖ్యమంత్రి కుర్చీ దిగారంటే బస్సు చిన్న విషయం కాదు. ఆయనే తర్వాత 1977లో దేశానికి రాష్ట్రపతి అయ్యారు.

ఆ తర్వాత సంస్థ పెరిగింది. ఎర్ర రంగు బస్సు పల్లె పల్లెకూ చేరింది. పట్నంవాళ్లు ఎవరినైనా వెక్కిరించాలంటే ఎర్రబస్సు ఎక్కి వచ్చావా అంటారు. అందులో సిగ్గుపడేదేమీ లేదు. ఆ ఎర్ర బస్సు ఎక్కే పల్లెటూరి ఆడపిల్ల హైస్కూలుకు వెళ్లింది, గర్భిణి పెద్దాసుపత్రికి వెళ్లింది.

విజయవాడ పాత బస్టాండు చాలక, కృష్ణ ఒడ్డుకు దగ్గరగా కొత్త బస్టాండు కట్టారు. అది 1990లో మొదలైంది. పేరు పండిట్ నెహ్రూ బస్‌స్టేషన్. దేశంలో పెద్ద బస్టాండుల్లో ఒకటి. 1999లో ఆర్టీసీ పేరు గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అప్పటికి 18 వేలకు పైగా బస్సులు ఉన్నాయి. ప్రపంచంలో అన్ని బస్సులు ఉన్న సంస్థ మరొకటి లేదని ఆ పుస్తకంలో రాశారు.

2014లో రాష్ట్రం విడిపోయింది. 2015లో బస్సులు, డిపోలు, మనుషులు పంచుకున్నారు. తెలంగాణకు వేరే ఆర్టీసీ వచ్చింది. మన ఆర్టీసీ పెద్ద ఆఫీసు హైదరాబాదు నుంచి విజయవాడ బస్టాండు ఆవరణలోకే వచ్చింది. 2020 జనవరి 1 నుంచి ఆర్టీసీలో పనిచేసే 50 వేలమందికి పైగా ప్రభుత్వ ఉద్యోగులయ్యారు. వాళ్ల జీతాలు ఇప్పుడు ప్రభుత్వం ఇస్తుంది.

ఇక డిపో సంగతి. గన్నవరంలోనూ డిపో ఉంది. డిపో అంటే బస్సుల ఇల్లు. రాత్రికి బస్సులు అక్కడికి చేరతాయి. బ్రేకు సరిగా పడటం లేదు, లైటు వెలగటం లేదు అని డ్రైవరు కాగితం మీద రాసి ఇస్తాడు. మెకానిక్కులు రాత్రంతా చూస్తారు. టైర్లు చూస్తారు, డీజిలు పోస్తారు, కడుగుతారు. డ్యూటీ ఎక్కే డ్రైవరు చేత ఒక చిన్న మిషనులోకి ఊదిస్తారు. తాగి ఉంటే అది పట్టేస్తుంది. తాగినవాడికి బస్సు ఇవ్వరు. ఈ మిషను ఇళ్ల గుమ్మాల దగ్గర కూడా ఉంటే బాగుండేదని ఎవరైనా అనుకుంటే తప్పు లేదు.

కొన్ని బస్సులు రాత్రికి డిపోకు రావు. వాటిని నైట్‌హాల్టు బస్సులు అంటారు. ఆఖరి ట్రిప్పు పల్లెకు వెళ్లి అక్కడే ఆగుతుంది. డ్రైవరు, కండక్టరు బస్సులోనే పడుకుంటారు. తెల్లారగట్ల అదే మొదటి బస్సు అవుతుంది. పాలు, పూలు, కూరగాయలు పట్నం చేరేది ఆ బస్సులోనే.

ఇదివరకు కండక్టరు చేతిలో టికెట్ల కట్టలు ఉండే పెట్టె, టికెట్టుకు చిల్లు కొట్టే పంచి ఉండేవి. ప్రతి స్టేజీ దగ్గరా ఎన్ని టికెట్లు తెగాయో ఒక కాగితం మీద రాసుకునేవాడు. దాన్ని ఎస్సార్ అనేవాళ్లు. బస్సు ఊగుతుంటే, జనం తోస్తుంటే, మోకాలి మీద పెట్టుకుని రాసేవాడు. ఇప్పుడు చేతి మిషను వచ్చింది. నొక్కితే టికెట్టు వస్తుంది. అందులో తేదీ, ఎక్కిన ఊరు, దిగే ఊరు, డబ్బులు అన్నీ ఉంటాయి. టికెట్టు తీసుకోగానే చదవండి. ఊరి పేరు సరిగా ఉందా లేదా చూడండి.

1990లలో ఆడవాళ్లు కండక్టర్లుగా చేరటం మొదలైంది. పక్కన తమిళనాడులో వసంతకుమారి అనే ఆమె 1993లోనే సర్కారు బస్సుకు డ్రైవరు అయ్యింది. తెలుగింటి ఆడపిల్ల సరిత 2015లో ఢిల్లీ నగర బస్సు నడిపింది. ఆడ కండక్టరుకు జనంతో కన్నా మరుగుదొడ్డి లేని చోట ఇబ్బంది ఎక్కువ. ఆ మాట ఆమె పైకి చెప్పుకోలేదు. మీ ఊరి స్టేజీ దగ్గర ఆమె ఒక ఇంటి తలుపు తడితే ఎందుకో అర్థం చేసుకోండి.

ఇప్పుడు లెక్క వేద్దాం. నేర్చుకున్న లెక్కలు ఇక్కడ పనికొస్తాయి. ఒక బస్సు లీటరు డీజిలుకు సుమారు 5 కిలోమీటర్లు నడుస్తుంది. గన్నవరం నుంచి విజయవాడ సుమారు 20 కిలోమీటర్లు. వెళ్లి రావటానికి 40. నలభైని అయిదుతో భాగిస్తే 8. అంటే 8 లీటర్లు. లీటరు వంద రూపాయలు అనుకుంటే 800 రూపాయలు. ఇది ఒక్క డీజిలుకే. జీతాలు, టైర్లు, రిపేర్లు, పాత అప్పుల మీద వడ్డీ వేరే. దూరాలు వెళ్లే పెద్ద బస్సుల్లో నాలుగు డబ్బులు మిగులుతాయి. పల్లెటూరి బస్సు చాలాసార్లు నష్టంలోనే తిరుగుతుంది. ప్రైవేటువాడైతే అలాంటి బస్సు ఎప్పుడో ఆపేసేవాడు. సర్కారు సంస్థ కాబట్టి ఒక చోట వచ్చింది ఇంకో చోట సర్దుతుంది. నష్టం పేరు చెప్పి ఆపేసిన పల్లె ట్రిప్పులు కూడా ఉన్నాయి. అది ఒప్పుకోవాల్సిన సంగతే.

2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో స్త్రీశక్తి పథకం వచ్చింది. ఆడవాళ్లు, ఆడపిల్లలు, ట్రాన్స్‌జెండర్లు ఉచితంగా ప్రయాణం చెయ్యవచ్చు. ఢిల్లీలో 2019లోనే ఇలాంటిది వచ్చింది. కర్ణాటకలో 2023 జూన్‌లో, తెలంగాణలో 2023 డిసెంబరులో వచ్చింది. మన దగ్గర అయిదు రకాల బస్సుల్లో ఉచితం. పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్. సూపర్ లగ్జరీ, ఏసీ బస్సుల్లో ఉచితం లేదు. నాన్‌స్టాప్ బస్సుల్లో, వేరే రాష్ట్రానికి వెళ్లే బస్సుల్లో కూడా లేదు. అందుకే బస్సు ఎక్కేముందు దాని పేరు చదవాలి.

బస్సుల్లో ఇలాంటి మాటలు వినపడుతుంటాయి.

“అమ్మా, కార్డు చూపించండి, టికెట్టు తీసుకోండి.”

“ఫ్రీ అన్నారు కదయ్యా. మళ్లీ టికెట్టెందుకు?”

“సున్నా టికెట్టమ్మా. డబ్బులేం వద్దు. కానీ టికెట్టు ఉండాలి.”

“కాగితం దండగ కాదూ!”

“మీ టికెట్టు లెక్క చూసే మాకు సర్కారు డబ్బులిస్తుందమ్మా. తీసుకోండి.”

ఆ కండక్టరు చెప్పింది నిజం. ఆడవాళ్లు ఎంతమంది ఎక్కారు, ఎంత దూరం వెళ్లారు అనే లెక్క ఆ సున్నా టికెట్ల వల్లే తెలుస్తుంది. టికెట్టు తియ్యకపోతే ఆ మనిషి బస్సు ఎక్కనట్టే లెక్క. యాభైమంది ఎక్కిన బస్సులో ఇరవైమందే కాగితంలో కనపడితే ఆ రూటుకు జనం లేరని రాస్తారు. అప్పుడు కోత పడేది ఆ ఊరి ట్రిప్పుకే. చెకింగువాళ్లు ఎక్కినప్పుడు టికెట్టు లేకపోతే అదొక తంటా. ఆధార్ కార్డు గాని, ఓటరు కార్డు గాని, రేషను కార్డు గాని దగ్గర ఉంచుకోండి.

ఉచితం వల్ల ఆటోలు నడిపేవాళ్లకు గిరాకీ తగ్గింది. ఆ ఆటోవాడు చాలామంది ఇళ్లల్లో మొగుడో తమ్ముడో. ఏడాదికి 15 వేల రూపాయలు ఇచ్చే పథకం సర్కారు 2025 అక్టోబరులో తెచ్చింది. అది వాళ్ల నష్టానికి సరిపోతుందా లేదా అనేది ఇంటి లెక్క చూసే ఆడవాళ్లకే బాగా తెలుస్తుంది. బస్సుల్లో రద్దీ కూడా పెరిగింది. నిలబడే చోటు దొరకటం లేదంటే ఉచితం తప్పు కాదు, బస్సులు తక్కువ.

ఇక బోర్డు చదవటం. కొత్తగా చదువు నేర్చినవాళ్లు మొదటి అక్షరం చూసి ఎక్కేస్తారు. విజయవాడ బస్టాండులో అది ప్రమాదం. గు అని మొదలయ్యే బోర్డులు చాలా ఉంటాయి. గుడివాడ ఉంది, గుడ్లవల్లేరు ఉంది, గుంటూరు ఉంది. గుడివాడ బస్సు డెల్టాలోకి వస్తుంది. గుంటూరు బస్సు కృష్ణ దాటి అవతలికి పోతుంది. పూర్తిగా చదివేదాకా మెట్టు మీద కాలు పెట్టొద్దు. బోర్డు కింద చిన్న అక్షరాల్లో మీదుగా అని ఉంటుంది. అది ఇంకా ముఖ్యం. ఏలూరు బస్సు గన్నవరం మీదుగానా, నూజివీడు మీదుగానా అన్నది అక్కడే తెలుస్తుంది. బస్సు కదిలాక పక్కవాళ్లను అడిగితే లాభం లేదు.

ఆఖరి సంగతి, బస్సు రాకపోతే ఏం చెయ్యాలి. ఒకరోజు రాకపోతే టైరు పగిలిందో, డ్రైవరుకు జ్వరమో అనుకోవచ్చు. పదిరోజులు రాకపోతే ఊరుకోకూడదు. డిపోలో మేనేజరు ఉంటారు. ఆయనకు అర్జీ ఇవ్వాలి. అర్జీలో ఊరి పేరు, మండలం, బస్సు ఏ టయానికి రావాలి, ఏ తేదీ నుంచి రావటం లేదు అన్నీ రాయాలి. ఎంతమంది బడిపిల్లలు, ఎంతమంది కూలీలు, ఎంతమంది ఆసుపత్రికి పోయేవాళ్లు ఆ బస్సు మీద ఆధారపడ్డారో లెక్క రాయాలి. లెక్క లేని అర్జీ బల్ల కిందకి పోతుంది. కొత్తగా బస్సు కావాలంటే ఇంకో రెండు సంగతులు రాయండి. రోడ్డు బాగుందా, ఊళ్లో బస్సు తిరగటానికి జాగా ఉందా. డిపోవాళ్లు ముందు చూసేది ఈ రెండే. వానాకాలంలో కాలవ గట్టు రోడ్డు దిగబడితే బస్సు పంపరు. అప్పుడు ముందు పంచాయతీతో రోడ్డు సంగతి తేల్చుకోవాలి.

అర్జీ కింద వేలిముద్రలు వద్దు. పేర్లు రాయండి. అక్షరం వంకరైనా ఫర్వాలేదు. రెండు నకళ్లు తియ్యండి. ఒకటి డిపోలో ఇవ్వండి. రెండోదాని మీద అందినట్టు ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో రేషను కార్డు పక్కన దాచండి.